₹1,65,000కి కొన్న పుంటో: నాలుగేళ్ళ లెక్క మొత్తం చెప్తున్నా

(ఇది వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాం.)



ఇవాళ ఎపిసోడ్ ఇంటి ముందే తీస్తున్నా. వెనకాల కనిపిస్తోంది కదా, ఎర్ర బండి, ముందు బంపర్ మీద గీత ఉన్నది. అదే మన ఫియట్ పుంటో. 2012 మోడల్, డీజిల్, విజయనగరం రిజిస్ట్రేషన్, ఏపీ 35.

"అన్నా, పుంటో లక్షన్నరకి వస్తోంది, తీసుకోమంటావా?" వారానికి ఇద్దరు ముగ్గురు నన్ను అడిగే ప్రశ్న ఇది. ఎక్కువమంది మన సైడు కుర్రాళ్ళే. పలాస, టెక్కలి, బొబ్బిలి, గజపతినగరం. చాలామందికి ఇది మొదటి కారు. ఇంతకాలం "మంచి బండే, కాకపోతే చూసి తీసుకో" అని చెప్పి తప్పించుకున్నా. ఈ ఏడాది జూన్‌లో ఒకటి జరిగింది. దాని తర్వాత అలా చెప్పడానికి నోరు రావట్లేదు. అందుకని ఇవాళ అంతా చెప్తా. కొన్న రేటు, పెట్టిన ఖర్చు, నేను చేసిన తప్పు, అన్నీ.

ఎందుకు కొన్నానంటే

2021. నేను బెంగుళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, కానీ లాక్‌డౌన్ నుంచి ఇంటి దగ్గరే పని. మాది పొందూరు పక్కన పల్లెటూరు. కరెంటు పోతే లాప్‌టాప్ పట్టుకుని శ్రీకాకుళం పరిగెత్తాలి. అమ్మానాన్నల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఆటో మాట్లాడాలి. రాత్రి రైలు దిగితే ఆమదాలవలస స్టేషన్ నుంచి ఇంటికి రావడమే ఒక ప్రయాణం. బైకు ఉంది, కానీ వానాకాలంలో అమ్మని బైకు మీద ఎంత దూరం తిప్పుతాం?

మా టీములో అందరూ కొత్త కార్లు తీస్తున్నారు. నేను కూడా లెక్క వేశా. రోడ్డు మీదకి వచ్చేసరికి ఎనిమిదిన్నర లక్షలు. లక్షన్నర చేతి నుంచి, 7 లక్షలు లోను. 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు. ఈఎంఐ నెలకి దాదాపు ₹11,260. ఏడేళ్ళకి బ్యాంకుకి కట్టేది తొమ్మిదిన్నర లక్షలకి దగ్గర. నా జీతానికి అది కట్టలేనిది కాదు. కానీ ఏడేళ్ళపాటు ఈ ఉద్యోగం ఇలాగే ఉంటుందని ఎవరు రాసిచ్చారు?

అప్పుడే విజయనగరంలో ఒక బ్యాంకు ఉద్యోగి ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతూ బండి అమ్ముతున్నారని తెలిసింది. మొదటి ఓనరు, సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉన్నాయి. నెల్లిమర్ల దాకా వెళ్ళి వచ్చాం. స్టీరింగ్ పట్టుకున్న పది నిమిషాలకే నా పని అయిపోయింది. అదే ఏడాది మోడల్ స్విఫ్ట్ డీజిల్‌కి నన్ను మూడు లక్షల పైన అడిగారు. దీనికి ₹1,65,000.

ఇంటికి తెస్తే నాన్న చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఏట్రా, బెంగుళూరు కంపెనీలో పన్జేసి పాత బండి తెచ్చినావేటి?" అన్నాడు. అంతే. లోపల కూర్చోడానికి మూడు రోజులు పట్టింది.

అసలు ఇంత చవగ్గా ఎందుకు వస్తుంది?

ఫియట్ అనగానే మా తాతయ్య "డాక్టరు గారి కారా?" అన్నాడు. ఆయనకి ఫియట్ అంటే పద్మిని. ఫియట్ 1100 అనే ఇటలీ కారుని లైసెన్సు మీద ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారు చేసేవాళ్ళు. 2000 ప్రాంతం దాకా అది నడిచింది. ముంబైలో ఆఖరి పద్మిని ట్యాక్సీలు రోడ్డు దిగింది 2023 అక్టోబర్‌లో. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి, అంబాసిడర్ కాకపోతే ఫియట్, ఆ రెండే కార్లు వాళ్ళకి.

తర్వాత 2001లో పాలియో వచ్చింది, సచిన్ టెండూల్కర్ ప్రకటనతో. 2009 జూన్‌లో గ్రాండే పుంటో వచ్చింది. పుణె దగ్గర రంజన్‌గావ్‌లో టాటాతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో తయారైంది. దీని రూపం గీసింది జార్జెట్టో జుజారో, ప్రపంచంలో పేరున్న కారు డిజైనర్లలో ఒకడు. వెనక లైట్లు చూడండి, పైన స్తంభాల మీద ఉంటాయి. ఇది పాత డిజైన్ అంటే ఎవరూ నమ్మరు.

ఇక ఇంజన్. డీజిల్‌ని ఎక్కువ ప్రెజర్‌లో ఒకే పైపులో నిల్వపెట్టి, అక్కడి నుంచి సిలిండర్లకి పంపే పద్ధతిని కామన్ రైల్ అంటారు. ఆ పద్ధతితో అమ్మకానికి వచ్చిన మొదటి కారు 1997లో ఆల్ఫా రోమియో 156. అదీ ఫియట్ గ్రూపుదే. 2003లో 1.3 మల్టీజెట్ వచ్చింది, 1248 సీసీ. ఇంధనాన్ని ఒక్కసారిగా కాకుండా చిన్న చిన్న విడతల్లో చల్లుతుంది కాబట్టి మల్టీజెట్ అన్నారు. ఈ ఇంజన్ మీకు ఇంకో పేరుతో తెలుసు. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, బ్రెజాల్లో డీడీఐఎస్ అన్నది ఇదే. ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అన్నదీ ఇదే. మన రోడ్ల మీద డీజిల్ డిజైర్ ట్యాక్సీలు ఎన్ని తిరిగాయో లెక్కేసుకోండి.

మరి రేటు ఎందుకు పడిపోయింది? 2012 దాకా పుంటో టాటా షోరూముల్లోనే అమ్మారు, అక్కడే సర్వీసు. ఆ తర్వాత ఫియట్ సొంత షోరూములు పెట్టుకుంది. అమ్మకాలు తగ్గుతూ వచ్చాయి. 2019కల్లా మన దేశంలో పుంటో తయారీ ఆగిపోయింది. అప్పట్లో ఫియట్ గ్రూపుదే అయిన జీప్ మాత్రం ఇక్కడ ఉంది, స్పేర్ పార్టుల దారి అటువైపే మిగిలింది. షాపు మూసేసిన కంపెనీ బండిని ఎవరూ మంచి రేటుకి కొనరు. అందుకే ఇంత బండి ఇంత చవగ్గా దొరుకుతోంది. మీరు డిస్కౌంట్ అనుకుంటున్నది నిజానికి మీ నెత్తిన పడబోయే పని. ఆ పని చేసినందుకే మీకు రేటు తగ్గించి ఇస్తున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

రోజూ నడిపితే ఎలా ఉంటుంది?

ముందు మంచి చెప్తా. నాలుగేళ్ళలో 52,000 కిలోమీటర్లు తిప్పా. చిలకపాలెం నుంచి రాజాం రోడ్డు మీద గోతులు మీకు తెలుసు. ఆ గోతుల్లో ఈ బండి ఒంగదు, మూలగదు. బరువైన బండి, సస్పెన్షన్ గట్టిది. నాతవలస నుంచి విజయనగరం, అక్కడి నుంచి సాలూరు దాటి ఘాట్ ఎక్కించి కోరాపుట్ దాకా తీసుకెళ్ళా. మలుపుల్లో హైడ్రాలిక్ స్టీరింగ్ అంటే ఏంటో అక్కడ అర్థమైంది. రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. హైవే మీద వందలో వెళ్తుంటే పక్కన లారీ దాటినా ఊగదు. డోరు వేస్తే వచ్చే ఆ "ధడ్" శబ్దం విని నాన్న కూడా "ఇనుము బాగానే ఎట్టినార్రా" అన్నాడు.

మైలేజీ నాకు హైవే మీద 19, ఊళ్ళో 15 వస్తోంది. ఏసీ వేసే చెప్తున్నా.

ఇక చెడు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి ఇరుక్కుంటే ఎడమ కాలు పీకేస్తుంది, క్లచ్ బరువు. ఆ కాలు పెట్టుకోవడానికి పక్కన చోటు కూడా లేదు. ఇంజను 2000 ఆర్పీఎం దగ్గరికి వచ్చేదాకా నిద్రపోతున్నట్టు ఉంటుంది, టర్బో అందుకున్నాక లేస్తుంది. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే గొడవే. ఇవన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానిది ఒకటే, పార్టు కోసం ఎదురుచూడటం.

మా మేస్త్రికి ఇంజన్ కొట్టిన పిండి. వందల స్విఫ్టులు, డిజైర్లు విప్పాడు. మొదటిసారి బానెట్ ఎత్తి "ఇదేట్రా, డిజైర్ ఇంజనే కదా" అని నవ్వాడు. కానీ ఇక్కడే మెలిక ఉంది. ఇంజన్ లోపలి సామాను చాలావరకు ఒకటే అయినా, దాని చుట్టూ ఉన్న నీళ్ళ పైపులు, బ్రాకెట్లు, సస్పెన్షన్, లైట్లు, స్విచ్చులు ఇవన్నీ బండికి బండి వేరు. అవి పక్క షాపులో దొరకవు. విశాఖ ఆటోనగర్‌లో వెతకాలి, లేదా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి వారం పది రోజులు ఆగాలి.

నాలుగేళ్ళ ఖర్చు, పైసాతో సహా

ఫోన్‌లో షీటు పెట్టుకున్నా, అది చూసే చదువుతున్నా. 2021 ఆగస్టు నుంచి ఈ అక్టోబర్ దాకా, 50 నెలలు. డీజిల్ ఇందులో కలపలేదు.

కొన్న వెంటనే నాలుగు టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ కింద రబ్బర్లు, ఆర్ములు: ₹38,000.
పేరు మార్పు, మొదటి ఇన్సూరెన్సు: ₹9,000.
క్లచ్ సెట్, కూలీతో: ₹17,500.
ఏసీ పని: ₹8,000.
సర్వీసులు, ఏడు సార్లు: ₹42,000.
తర్వాతి మూడేళ్ళ ఇన్సూరెన్సు: ₹18,000.
ఈ జూన్‌లో ఇంజన్ పని: ₹31,000.

మొత్తం ₹1,63,500. చూశారా? బండి రేటెంతో, నాలుగేళ్ళలో మళ్ళీ దాదాపు అంతే పెట్టా. నెలకి పంచితే ₹3,270.

"అన్నా, లక్షన్నర కారు అన్నావు, మూడు లక్షలు దాటింది కదా" అంటారు. నిజమే. కానీ ఈఎంఐ ₹11,260తో పోల్చి చూడండి. నెలకి దాదాపు ₹8,000 తేడా. ఆ తేడా విలువ నాకు 2023లో తెలిసింది. ఆ ఏడాది మా కంపెనీలో మనుషుల్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నా. ఒక మధ్యాహ్నం పదిహేను నిమిషాల కాల్, అంతే. మా టీములోనే ఒకడికి కారు ఈఎంఐ, ఫ్లాటు అద్దె రెండూ ఉన్నాయి. వారంలో ఏదో ఒక ఉద్యోగం పట్టుకోవాల్సి వచ్చింది, సగం జీతానికి. నా మీద అప్పు లేదు. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని ఈ వీడియోలు మొదలుపెట్టగలిగా. కాబట్టి ఈ బండి మీద నాకు కృతజ్ఞత ఉంది. ఇప్పుడు చెప్పబోయేది విని నేను బండిని తిడుతున్నా అనుకోకండి.

జూన్‌లో ఏం జరిగింది

మా చెల్లి బీఈడీ చేసింది. టీచరు పోస్టు కోసం ఏళ్ళుగా చదువుతోంది. మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇంట్లో పండగ. పదహారు వేలకి పైగా పోస్టులు. జూన్‌లో ఆన్‌లైన్ పరీక్ష, తనకి సెంటరు విశాఖ వైపు, మధురవాడ దగ్గర పడింది. ఉదయం సెషన్.

దానికి మూడు వారాల ముందు బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు మేస్త్రి నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. ఇంజన్‌కి నీళ్ళు తీసుకెళ్ళే రబ్బరు పైపు, క్లిప్పు దగ్గర ఉబ్బి ఉంది. చుట్టూ తెల్లగా ఎండిన మరక. "ఇది పోద్ది బాబూ. ఇయ్యాల కాకపోతే రేపు. పైపు తెప్పించు, ఏసెత్తాను" అన్నాడు. పదమూడేళ్ళ రబ్బరు. ఏ బండిలో అయినా అంత వయసుకి అలాగే అవుతుంది. పైపు ఖరీదు ₹900. ఆన్‌లైన్‌లో చూశా, కార్ట్‌లో పెట్టా. డెలివరీ పది రోజులు చూపించింది. "తర్వాత పెడదాంలే" అనుకున్నా. వారానికోసారి మా బోరు నీళ్ళు పోసి నడిపించా. ఆ పైపు మూడు వారాలు కార్ట్‌లోనే ఉంది.

ఆ రోజు ఉదయం అయిదున్నరకి బయల్దేరాం. రణస్థలం దాటాం, పైడిభీమవరం దాటాం. చెల్లి పక్క సీట్లో కూర్చుని నోట్సు తిప్పుకుంటోంది. నాతవలస టోల్ దాటి కొద్దిదూరం వెళ్ళాక టెంపరేచర్ లైటు వెలిగింది.

అప్పుడే ఆపాలి. ఇంజనీరింగ్ చదివిన నాకు అది తెలుసు. కానీ పక్కన చెల్లి ఉంది, టైము చూసుకుంటోంది. ఏసీ ఆపేసి, "ఏం కాదు, భోగాపురం దాకా లాగేద్దాం" అన్నా. ఇంకో మూడు కిలోమీటర్లు నడిపా. బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. బండి దానంతట అదే బలం తగ్గి ఆగిపోయింది.

హైవే పక్కన నిలబడ్డాం. బస్సులు వేగంగా వెళ్ళిపోతున్నాయి, ఒక్కటీ ఆగలేదు. యాప్‌లో కారు చూపించలేదు. చెల్లి ఏడవలేదు. హాల్ టికెట్ ఉన్న కవరు రెండు చేతులతో పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. "అన్నయ్యా, ఇంకా ఎంత దూరం ఉంది?" అని మాత్రం అడిగింది. దాదాపు ముప్పై కిలోమీటర్లు.

పావుగంట తర్వాత మామిడికాయల లోడుతో విశాఖ వెళ్తున్న టాటా ఏస్ ఒకటి ఆగింది. ఆయన విషయం విని, ముందు సీట్లో ఉన్న బస్తా తీసి వెనక పడేసి "ఎక్కమ్మా" అన్నాడు. సెంటరు గేటు దాకా తీసుకెళ్ళి దింపి, అప్పుడు మార్కెట్‌కి వెళ్ళాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదని తర్వాత చెల్లి చెప్పింది. గేటు మూయడానికి ఎనిమిది నిమిషాల ముందు లోపలికి వెళ్ళింది.

పరీక్ష రాసింది. లిస్టులో పేరు రాలేదు. కొద్ది మార్కుల్లో పోయింది. "దానికీ బండికీ సంబంధం లేదు అన్నయ్యా, నాకు సైకాలజీలో తప్పులు పోయాయి" అంటుంది. కావచ్చు. రోడ్డు మీద గంటసేపు గుండె దడదడలాడాక వెళ్ళి కూర్చుంటే ఎన్ని మార్కులు పోతాయో నాకు తెలీదు. తనకీ తెలీదు. ఆ లెక్క నా షీటులో లేదు.

₹900 పైపు ₹31,000 ఎలా అయింది?

చాలామందికి దీని వెనక సంగతి తెలీదు, అందుకని కొంచెం వివరంగా చెప్తా. ఇంజన్‌లో కూలెంట్ తిరిగే దారి ప్రెషర్ కుక్కర్ లాంటిది. మూత బిగించి ఒత్తిడిలో ఉంచితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, ఇంకా పైకి వెళ్ళాకే మరుగుతాయి. పైపు కారితే ఒత్తిడి పోతుంది. నీళ్ళు ముందే మరిగి ఆవిరవుతాయి, ఆవిరి వేడిని మోసుకెళ్ళలేదు. ఇంజన్ కింద భాగం పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. వేడికి ఇనుము కన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. హద్దు దాటితే హెడ్డు వంకర పోతుంది, రెండింటి మధ్య ఉన్న గాస్కెట్ చిరుగుతుంది. అప్పుడు ఇంజన్ విప్పాల్సిందే. హెడ్డు లేతుకి ఇచ్చి చదును చేయించాలి, గాస్కెట్ మార్చాలి, బండిని లాగించుకురావాలి. ఇవన్నీ కలిపి ₹31,000.

నేను పోసిన బోరు నీళ్ళు ఇంకో తప్పు. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు ఉంటుంది. ఉప్పు నీళ్ళు పోసే కొద్దీ ఆ మందు పలచబడి, లోపల పాచిలా పొర కడుతుంది. హెడ్డు విప్పినప్పుడు మేస్త్రి ఆ పొర వేలితో గీకి చూపించాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అక్కడ నాకు అర్థమైంది ఇదీ. చవక బండికి కూడా ఈఎంఐ ఉంటుంది. కొత్త కారుకి బ్యాంకుకి కడతావు, పాత కారుకి బండికే కట్టాలి. బ్యాంకు అయితే అయిదో తారీఖున మెసేజ్ పెడుతుంది, కట్టకపోతే ఫోన్ చేస్తుంది. బండి ఫోన్ చేయదు. ఒక మరక చూపిస్తుంది, ఒక చప్పుడు చేస్తుంది. మనం "తర్వాత చూద్దాంలే" అంటే ఊరుకుంటుంది. తర్వాత ఏ రోజు వసూలు చేయాలో అదే చూసుకుంటుంది. నేను నా ఈఎంఐ ఎగ్గొట్టా, ఫైను మా చెల్లి కట్టింది.

ఇప్పుడు నేనేం చేస్తున్నా

ఒకటి. ప్రతి నెలా అయిదో తారీఖున ₹3,500 వేరే అకౌంట్‌కి ఆటోమేటిగ్గా వెళ్ళిపోతుంది. బండికి తప్ప దేనికీ ముట్టుకోను. పైన చెప్పిన ₹3,270 మీదే ఆ అంకె పెట్టుకున్నా.

రెండు. పదేళ్ళు దాటిన రబ్బరు దేన్నీ నమ్మను. నీళ్ళ పైపులన్నీ, ఇంజన్ బయటి బెల్టు, థర్మోస్టాట్, అన్నీ ఒకేసారి మార్పించా. అన్నింటికీ ఒకసారే కూలీ.

మూడు. దొరకడం కష్టమైన చిన్న చిన్న పార్టులు పాడవకముందే తెచ్చి ఇంట్లో పెట్టుకుంటున్నా. మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. అమ్మ దాన్ని "నీ రెండో పెళ్ళాం సామాను" అంటోంది. మొదటి పెళ్ళే కాలేదు.

నాలుగు. టెంపరేచర్ లైటు వెలిగితే, ఆయిల్ లైటు వెలిగితే, అక్కడికక్కడే ఆపేయడం. పక్కన ఎవరున్నా, ఎంత తొందరున్నా. వేడి మీద మూత మాత్రం తిప్పకండి, ముఖం కాలిపోతుంది. కనీసం అరగంట ఆగాలి.

అయిదు. పరీక్ష, ఆపరేషన్, ఇంటర్వ్యూ లాంటివి ఉంటే ముందురోజే వెళ్ళిపోవడం. ఇది పాత బండికే కాదు, కొత్త బండికీ వర్తిస్తుంది. ఈసారి చెల్లి పరీక్షకి ముందురోజు రైల్లో వెళ్ళి విశాఖలో ఉండాలని ఇప్పుడే అనుకున్నాం.

కొనేముందు ఏం చూడాలి?

ఉదయాన్నే వెళ్ళండి, బండి చల్లగా ఉన్నప్పుడు. ముందే స్టార్ట్ చేసి ఉంచితే అనుమానించండి. స్టార్ట్ చేయగానే గొలుసు గలగలలాడినట్టు శబ్దం వచ్చి ఆగకపోతే వద్దు. ఈ డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది, దాని పని ఖరీదు. పెట్రోల్ పుంటోకైతే టైమింగ్ బెల్ట్, అది ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి.

కూలెంట్ డబ్బా చూడండి. తుప్పు రంగు నీళ్ళు, నూనె తెట్టు ఉంటే వెనక్కి వచ్చేయండి. స్టీరింగ్ ఆయిల్ కారుతోందా చూడండి. స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కించి దించండి, కింద టకటకలాడితే సస్పెన్షన్ రబ్బర్లు పోయాయి. బేరానికి పనికొస్తుంది. మూడో గేరులో మెల్లగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ అయిపోయినట్టే, ఆ డబ్బు రేటులోంచి తీసేయండి.

కాగితాలు. ఆర్సీ మీద ఫైనాన్సు ఉంటే ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బు. చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఇచ్ఛాపురం అవతల నుంచి ఓడీ నంబరు బండ్లు చవగ్గా వస్తాయి. ఢిల్లీ నుంచి పాత డీజిల్ బండ్లు ఇంకా చవగ్గా వస్తాయి, అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్‌ మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి. కానీ ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీ, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు ఇవన్నీ మీ మెడకే. అవన్నీ కలిపి చూస్తే చవక ఏమీ మిగలదు.

ఇంకోటి, ఆర్సీ పదిహేనేళ్ళకే. నా బండిది 2027లో అయిపోతుంది. మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి. కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి ₹600 కాస్తా ₹5,000 అయింది. దాని మీద గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. 2011 మోడల్ ఎవరైనా ఇస్తానంటే రేపో మాపో ఆ పని మీ నెత్తినే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీకు మేస్త్రి ఉన్నాడా అనేది. బండి చూడకముందే మేస్త్రిని చూసుకోండి. "పుంటో తెస్తే చేస్తావా?" అని అడగండి. ఆయన ముఖం చిట్లిస్తే అక్కడితో ఆపేయండి.

ఎవరు కొనకూడదు?

నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు, ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నవాళ్ళు, ఇదొక్కటే బండి ఉన్నవాళ్ళు కొనొద్దు. ఉద్దానం వైపు నుంచి అడుగుతున్న తమ్ముళ్ళకి మరీ చెప్తున్నా. అలాంటి ఇంటికి పార్టు కోసం పది రోజులు ఆగే బండి పనికిరాదు. అదే డబ్బు పెట్టి ఏ ఊళ్ళో అయినా బాగయ్యే మామూలు బండి, కాస్త పాతదైనా తీసుకోండి. నడపడంలో మజా ఉండదు, కానీ తెల్లారి లేస్తుంది. ఉన్న డబ్బంతా బండి రేటుకే పెట్టేవాళ్ళు కూడా వద్దు. లక్షన్నర ఉంటే లక్ష బండి చూడండి, యాభై వేలు జేబులో ఉంచుకోండి. మొదటి నెలలోనే అవసరం పడుతుంది.

ఇంట్లో ఇంకో బండి ఉండి, దగ్గర్లో మేస్త్రి ఉండి, నెలకి మూడున్నర వేలు క్రమం తప్పకుండా పక్కన పెట్టగలిగితే కొనండి. ఈ రేటులో ఇంత బాగా నడిచే కారు మీకు ఇంకోటి దొరకదు. సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు నన్ను తలుచుకుంటారు.

నేను అమ్మేస్తానా అని అడుగుతున్నారు. జూన్ తర్వాత అమ్మేద్దామనుకున్నా. ఫోటోలు కూడా తీశా. చెల్లే వద్దంది. "ఇప్పుడే కదా పైపులన్నీ కొత్తవి వేయించావు, వేరేవాళ్ళకి ఎందుకివ్వడం?" అంది. తను కూడా నడపడం నేర్చుకుంటోంది. బంపర్ మీద గీత పెట్టింది తనే.

మొన్న బండి తీయబోతుంటే తనే బానెట్ ఎత్తి, డబ్బాలో కూలెంట్ గీత దాకా ఉందో లేదో చూసి, మూసి, వచ్చి కూర్చుంది. నేను చెప్పలేదు.

సరే అండి, ఇవాళ్టికి ఇంతే. మీ బండి డబ్బాలో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో ఒకసారి వెళ్ళి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.